తడవని ఖాకీ

నా రాతలో తప్పులు దొర్లుతాయి. ఒత్తులు తారుమారవుతాయి. ఒక్కో పుట నింపడానికి నాకు వారం పడుతుంది. తల నెరిశాక పలక పట్టినదాన్ని, చదివే పెద్దలు మన్నించాలి. నా చెయ్యి నెమ్మదే గాని ఈ కథ నెమ్మదిగా నడవదు.

*

కానిస్టేబుల్ భీమరావ్ కోకరే శవం బడి లోపలి మెట్ల కింద వెల్లకిలా పడి ఉంది. ఎడం చెయ్యి కడుపు మీద, కుడి చెయ్యి గోడ వైపు. టోపీ తలకి జానెడు దూరంలో ఉంది. పై అంతస్తు తరగతి గదుల్లోనే విఠోబా ఆషాఢ యాత్ర బందోబస్తుకి వచ్చిన పోలీసుల బస. మధ్యాహ్నం మూడున్నరకి నీళ్ల కోసం కిందికి దిగిన ఒక హోంగార్డు చూసి కేక పెట్టాడు.

అసిస్టెంట్ ఇన్‌స్పెక్టర్ ఇందుమతి ఢవళే శవం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ఈ బస ఆమె చేతి కింద ఉంది కాబట్టి పంచనామా ఆమే రాయాలి. నిన్న తెల్లవారుజామున తొడిగిన బూట్లు ఆమె ఇంతవరకూ విప్పలేదు. కళ్లలో ఇసుక పోసినట్టుంది. ఈ దశమి గడిచి, రేపటి ఏకాదశి కూడా గడిస్తే ఇంటికెళ్లి ఒక పూట పడుకోవచ్చనుకుంది. అంతలో ఇది.

"ఏం బాయీ, ఇంక ఎంతసేపు?" వెనక నుంచి ఇన్‌స్పెక్టర్ రణదివే గొంతు. ఆయన ఆమె కంటే ఒక మెట్టు పైవాడు, ఆ మెట్టుని మాటమాటకీ గుర్తు చేస్తాడు. "పాయింటు ఇడిసిపెట్టి నిద్రకొచ్చిండు. మెట్ల మీద జారిండు. సచ్చిండు. మూడు ముక్కలు. గీడ ధ్యానం జేసేదేముంది?"

"పాయింటు ఇడిసిండని ఎవరు జెప్పిండ్రు సాహేబ్?"

"గీడ శవమున్నదంటే ఆడ లేనట్టే గదా. గిది గూడ నేనే జెప్పాల్నా?"

ఇందుమతి పంచనామా కాగితం మోకాలి మీద పెట్టుకుంది. కోకరే పాయింటు వదిలి వచ్చాడని కాగితం మీదికెక్కితే అది డ్యూటీలో చావు కాదు. అతని భార్య సుగంధకి పరిహారం రాదు, ఉద్యోగం రాదు, పింఛను సగానికి తెగుతుంది. నెల తిరక్కముందే పోలీస్ లైనులో క్వార్టరు ఖాళీ చెయ్యమంటారు. పదమూడేళ్లు ఎండలో వానలో నిలబడినవాడి లెక్క ఆ మూడు ముక్కల్లో ముగిసిపోతుంది.

ఆమె వంగి చొక్కా అంచు వేలితో పట్టి చూసింది. పొడిగా ఉంది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన మడత కత్తి అంచులా నిలబడి ఉంది. ప్యాంటు కూడా అంతే. బూట్ల మీద ఒక్క బురద చుక్క లేదు.

పొద్దున ఐదింటి నుంచి వాన ఆగలేదు. కోకరే కాపలా పాయింటు భీమా నది ఘాటు మెట్ల దగ్గర. అక్కడ నిలబడిన ప్రతి పోలీసూ మోకాళ్ల దాకా మట్టిముద్ద అయిపోయాడు.

తరవాత లేసులు చూసింది. చివరి రంధ్రం దాకా బిగించి రెండు ముళ్లు వేసి ఉన్నాయి. పొద్దు నుంచీ నిలబడ్డ మనిషి అలా కట్టుకోడు. పాదం ఉబ్బుతుంది, లేసు కోస్తుంది, పై రెండు రంధ్రాలూ వదిలెయ్యాల్సిందే. ఇందుమతి కూడా కానిస్టేబుల్‌గా చేరి పైకొచ్చినదే. ఆ క్షణాన ఆమె బూట్ల లేసులు కూడా సగం దాకానే ఉన్నాయి.

"జరంత టార్చి ఇటు కొట్టండి" అంది.

తల పక్కకి తిప్పితే వెలుగులో వెనక గాయం కనబడింది. రక్తం గడ్డకట్టి నల్లబడింది. మెట్ల మీద మాత్రం చెయ్యి తుడిచినంత మరక, అంతే. గాయం చుట్టూ జుట్టులో తెల్లటి పొడి. గోళ్ల సందుల్లో కూడా అదే తెలుపు. ఆమె ఒక గోటిని కాగితం మీద గీకింది. గట్టిపడిన తెల్ల సిమెంటు రాలింది.

"ఈ బళ్ల ఎక్కడన్న సిమెంటు పని నడుస్తుందా సాహేబ్?"

"నాకేం తెలుసు? మేస్త్రి కొడుకు. ఇంటి దగ్గర ఏదో గోడకి రాసుకొని వచ్చి ఉంటడు."

"బందోబస్తుకొచ్చి ఐదు రోజులైంది. ఐదు రోజులు చెయ్యి కడుక్కోలేదా?"

రణదివే టార్చి ఆర్పేశాడు. "చూడు బాయీ. సాయంత్రం లోపల డిప్యూటీ సాహేబ్ టేబుల్ మీద రిపోర్టు ఉండాలె. నువ్వు రాస్తవా, నేను రాయాల్నా?"

ఆమె లేచి నిలబడింది. అప్పుడు చూసింది, రణదివే నుదుటి మీద కుంకుమ బొట్టు, చెవి పక్కన జుట్టులో పసుపు అంటిన బియ్యపు గింజ ఒకటి. యూనిఫాం మీద తడి లేదు.

"మీరు ఏడికెల్లి వస్తున్నరు సాహేబ్?"

"బ్రిడ్జి కాడికెల్లి. పొద్దుగాల నుంచి ఆడనే ఉన్న."

"బ్రిడ్జి కాడ వాన లేదా?"

"జీపుల కూసున్న."

"జీపుల అక్షింతలు ఎవరు ఏసిండ్రు?"

రణదివే చెయ్యి అనుకోకుండా చెవి దగ్గరికి పోయింది. గింజ కింద పడింది. ఒక్క క్షణం ఇద్దరూ దాన్నే చూశారు.

ఇందుమతికి ఇంకేం అడగనక్కర్లేదు. ఊరవతల కొత్త కాలనీలో, రణదివేకి కూడా పైవాడైన డిప్యూటీ సాహేబ్ కట్టిస్తున్న ఇంటికి ఈ మధ్యాహ్నమే వాస్తుశాంతి, భోజనాలు. అధికారులందరికీ పిలుపు అందింది. ఆమెకీ అందింది, బందోబస్తు వల్ల పోలేదు. ఏకాదశి వచ్చిందంటే చాతుర్మాసం. విఠోబా పడుకుంటాడు, నాలుగు నెలలు గృహప్రవేశాలుండవు. ఇల్లు ఎంత సగంలో ఉన్నా దశమి లోపల పూర్తి కావాల్సిందే. పోలీసులందరికీ ఊపిరి సలపని బందోబస్తు కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. మరి ఇంటి పనికి మనుషుల్ని ఎక్కడి నుంచి తేవాలి?

"కోకరేని ఘాటు మీదికెల్లి ఇంటి పనికి పంపింది ఎవరు సాహేబ్? మీరా?"

రణదివే దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "గడ్చిరోలికి ట్రాన్స్‌ఫరైనోళ్లను చూసినవా బాయీ? అడవి. మందుపాతరలు. నీ బిడ్డ పదో తరగతంట గదా. ఆడ బడి గూడ సక్కగ లేదు."

"బెదిరిస్తున్నరా?"

"చెప్తున్న." ఆయన ముఖంలో కోపం కంటే అలసటే ఎక్కువ కనబడింది. "పదకొండేండ్ల నుంచి గిదే కుర్చీల ఉన్న. నా కంటె చిన్నోళ్లు నా నెత్తి మీద కూసుండ్రు. డిప్యూటీ సాహేబ్ సంతకం పెడితె ప్రమోషన్, పెట్టకుంటె రిటైర్మెంట్. నువ్వనుకుంటున్నవు నేను సాహేబ్‌నని. నేను గూడ ఇంటి పనోడినే. నా భుజం మీద చుక్కలు ఎక్కువ, గంతే."

ఆయన బూట్లు టకటకలాడిస్తూ వెళ్లిపోయాడు. ఇందుమతి ఇద్దరు హోంగార్డుల్ని శవం దగ్గర కాపలా పెట్టి, వైర్‌లెస్ మీద ఘాటు నుంచి దత్తోబా లాండగేని పిలిపించింది. కోకరే పక్క పాయింటు వాడిది. ఇద్దరూ ఒకే బ్యాచ్, ఒకే లైనులో గోడకి గోడ ఇల్లు.

*

జనాన్ని తోసుకుని లాండగే వచ్చేసరికి ఐదున్నర దాటింది. ఐదో తరగతి గదిలో పిల్లల బెంచీ మీద లాండగే మోకాళ్లు గడ్డానికి తగిలేటట్టు కూర్చున్నాడు. ఒంటి మీది నుంచి కారిన నీళ్లు బెంచీ కింద మడుగు కట్టాయి. ఎవరో ఇచ్చిన చాయ్ గ్లాసు చేతిలో చల్లారిపోయింది.

"కోకరే పాయింటు మీద ఎంతసేపు ఉండె?"

"పొద్దుగాల నుంచి ఉండె మేడమ్. రెండింటికి కడుపుల నొప్పని పోయిండు."

"నీ పక్కనే?"

"నా పక్కనే."

"ఎంత దూరం?"

"గీ గోడంత."

"నువ్వు నానిన బొంతలెక్క కారుతున్నవ్. ఆయన చొక్కా ఇస్త్రీ గూడ చెరగలే. వాన నిన్ను ఒక్కడినే చూసి కురిసిందా దత్తోబా?"

లాండగే గ్లాసులోకి చూశాడు.

"నీ లేసులు చూపెట్టు."

అతను కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. అవి సగం దాకానే ఉన్నాయి.

"ఆయన లేసులు మెడ దాక బిగిచ్చి ఉన్నయ్. ఆయన కట్టుకోలే. ఎవరో తొడిగిండ్రు. ఎవరు?"

"మేడమ్, నన్ను అడగకుండ్రి." గ్లాసు రెండు చేతులా పట్టుకున్నాడు. "ఇంట్ల ముగ్గురు పిల్లలు. అమ్మకు మందులు. వారపు సెలవు నాడు పని జేస్తె ఇచ్చే భత్యంల రెండు చాయ్‌లు రావు. గియ్యాల నోరు తెరిస్తె రేపు నేను ఏడ ఉంట? నన్ను అడగకుండ్రి."

"నేను అడగకపోతె సుగంధ అడుగుతది. ఆమెకేం జెప్తవ్? ఆయన నిద్ర కోసం పాయింటు ఇడిసిండని రాస్తున్నరు. పిల్లలకు గదే మిగుల్తది, తండ్రి పనిదొంగ అని."

ఆ మాట తగిలింది. లాండగే గ్లాసు నేల మీద పెట్టాడు.

"భీమరావ్ పనిదొంగ కాదు" అన్నాడు. "వాళ్లమ్మ సచ్చిపోయిన నాడు ఎలక్షన్ బందోబస్తు. సెలవు అడిగితె ఇయ్యలే. చెప్పకుండ పోయి తలకొరివి పెట్టి వచ్చిండు. దానికి ఇంక్రిమెంట్ ఆపిండ్రు. రెండేండ్లాయె. డిప్యూటీ సాహేబ్ ఏమన్నడంటే, నువ్వు మేస్త్రి కొడుకువి గదా, స్లాబు మీద పిట్టగోడకి పూత పెట్టు, టాంకు కట్టు, ఏకాదశి లోపల అయిపోవాలె, నీ ఫైలు మీద నేను సంతకం పెడత."

"ఎన్ని దినాల నుంచి పోతున్నడు?"

"బందోబస్తుకొచ్చిన కాడి నుంచి. నేను రెండు పాయింట్లు జూసుకున్న. పది గంటల హాజరీల రెండు నంబర్లకు నేనే పలికిన. ఒకసారి నా గొంతు, ఒకసారి ముక్కుల కెల్లి. హవల్దార్ నవ్విండు గాని ఏమనలే. అందరికి ఎరుకే మేడమ్. సాహేబ్ ఇంటికి పోయినోడికి బదులు పాయింటు మీద ఇంకొకడు నిలబడాలె, అది కొత్త గాదు."

"పడ్డది ఎప్పుడు?"

"తొమ్మిది దాటినంక. వాన. పిట్టగోడ మీద పాకురు. నేను ఆడ లేను, తరవాత జెప్పిండ్రు. రెండింటికి రణదివే సాహేబ్ జీపుల వచ్చి, యూనిఫాం తొడగాలె, ఎక్కు అన్నడు. బస కెల్లి ఆయన ట్రంకు పెట్టె తెచ్చిండ్రు. ఉతికిన జత గదే ఉండె. కాళ్లు నిలుస్తలేవు, బూట్లు జారిపోతున్నయి. గట్టిగ గుంజి కట్టిన."

"ఏడ తొడిగినవ్?"

లాండగే జవాబివ్వబోయేలోపు తలుపు దగ్గర అలికిడయింది.

*

సుగంధ లోపలికి వచ్చింది. ప్లాస్టిక్ సంచీ ఒకటి చింపి తల మీద కప్పుకుంది. చీర కుచ్చిళ్లు బురద. ఎవరో తొందరలో కుంకుమ తుడిచినట్టున్నారు, నుదురంతా ఎర్రగా పులుముకుంది. షోలాపూర్ నుంచి ఆమెని పోలీస్ బండిలోనే తెచ్చారు.

లాండగే లేచి నిలబడ్డాడు. "వహినీ" అన్నాడు. అన్న భార్యని పిలిచే పిలుపు అది.

ఆమె అతన్ని చూడలేదు. ఇందుమతినే అక్కలా పిలిచింది. "తాయీ, ఇగ చాలు. ఎవరిని ఏం అడగకుండ్రి. నేను సంతకం పెట్టేసిన."

"దేని మీద?"

"గుండెల నొప్పి ముందు నుంచే ఉండెనని. శవానికి కోత వద్దని. రణదివే సాహేబ్ మంచిగనే మాట్లాడిండు. పాయింటు ఇడిసిన మాట రాయనని అన్నడు. పిల్ల పరీక్షలయ్యే దాక క్వార్టరు ఉండనిస్తరట." ఆమె సంచీ చేతిలో నలుపుతోంది. "ఆయన్ని తీస్కపోయిండ్రు. రేపు తెల్లారితె ఏకాదశి, గిసుంటి దినాన భీమా ఒడ్డున కాలే అదృష్టం ఎవరికొస్తది బిడ్డా అన్నడు. నన్ను ఎనక రమ్మన్నరు. ఒక్కసారి మీకు చెప్పి పోదామని వచ్చిన."

ఇందుమతి మెట్ల అంచుకి పరిగెత్తి కిందికి చూసింది. మెట్ల కింద హోంగార్డులు లేరు. శవం లేదు. గేటు దగ్గర టైర్ల గుర్తుల్లో వాన నీళ్లు నిలిచి ఉన్నాయి.

గాయం, తెల్ల సిమెంటు, గోళ్లు, అన్నీ ఆ బండిలో పోతున్నాయి. కాలిపోతే ఇక ఏ డాక్టరూ ఏమీ చెప్పలేడు. మిగిలేది లాండగే మాట ఒక్కటే. రేపు పొద్దునకి ఆ మాట కూడా ఉండదు.

"ఎంతసేపైంది?" గదిలోకి తిరిగొస్తూ అడిగింది.

"గిప్పుడే. జనంల బండి కదుల్తలేదు."

"సుగంధా, నువ్వు సంతకం పెట్టిన కాగితం..."

"వద్దు తాయీ!" ఆమె అరిచింది. "నిజం నాకు వద్దు. నిజం తిని బతుకుతమా? పోయినోడు పోయిండు. ఉన్న ఇల్లన్న ఉండనియ్యరా? నీకేమి, నెల తిరిగితె జీతమొస్తది!"

ఇందుమతి వెళ్లబోయి తలుపు దగ్గరే ఆగింది.

అప్పుడు లాండగే నోరు విప్పాడు. గోడకి చెబుతున్నట్టు చెప్పాడు.

"ఇంటి వెనక, సిమెంటు బస్తాల షెడ్డుల తొడిగిన. తొడుగుతుంటె కండ్లు తెరిచిండు."

సుగంధ అతని ముందుకి నడిచింది.

"ఏమన్నవ్?" అంది సుగంధ.

"పానం ఉండె వహినీ. తొమ్మిదింటి నుంచి రెండింటి దాక ఆడనే పండుకోబెట్టిండ్రు. దవాఖానకు తీస్కపోతె ఏడ పడ్డడని డాక్టర్ రాస్తడు. ముందల పందిట్ల పంక్తి నడుస్తుంది, పూరన్‌పోళీ బొబ్బట్లు వడ్డిస్తున్నరు, ఎస్పీ ఆఫీసోళ్లు కూసున్నరు. పంక్తి లేచే దాక ఆగుమన్నరు. నేను చొక్కా గుండీ పెడుతుంటె నా చెయ్యి పట్టుకొని అడిగిండు, హాజరీల నా నంబరు పలికినవా దత్తోబా అని. పలికిన అన్న. మంచిగైంది అన్నడు. జీపుల ఎక్కిచ్చినంక ఇగ మాట్లాడలే."

సుగంధ చెయ్యి లేచింది. చెంప మీద పడిన దెబ్బకి లాండగే బెంచీ మీదికి ఒరిగాడు. రెండో దెబ్బ కొట్టింది. మూడోదానికి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆమె ఆ చేతినే నోటికి అడ్డం పెట్టుకుంది.

తరవాత ఇందుమతి వైపు తిరిగింది.

"బండి ఎట్ల ఆపాలె తాయీ?"

*

హెడ్‌మాస్టరు బల్ల మీద వైర్‌లెస్ సెట్టు ఉంది. ఇందుమతి మీట నొక్కింది.

"అన్ని పాయింట్లకు. ఢవళే మాట్లాడుతున్న. బడి కాడికెల్లి స్మశానానికి పోతున్న పోలీస్ బండిని ఆపండి. అండ్ల కోకరే శవం ఉంది. పోస్ట్‌మార్టం కాలేదు. ఎక్కడ కనబడితె అక్కడ ఆపండి."

గరగరమని చప్పుడు. వెంటనే రణదివే గొంతు దూసుకొచ్చింది.

"ఎవడు ఆపొద్దు! డిప్యూటీ సాహేబ్ ఆర్డర్. ఢవళే బాయిని ఈ కేసు కెల్లి తీసేసిండ్రు. కోకరేని మెట్ల మీద తోసింది లాండగే. తాగి కొట్లాడుకున్నరు, సాక్షులున్నరు. లాండగేని పట్టుకోండ్రి. బండి ఆపినోడి ఇంక్రిమెంట్ ఈ జన్మల రాదు, యాదుంచుకోండ్రి."

లాండగే సెట్టు వైపు ఒక అడుగు వేశాడు. "నేనా?" అన్నాడు. "నేను తోసిన్నా?"

ఎవరో మీట నొక్కి వదిలినట్టున్నారు, ఒక్క క్షణం వార్కరీ యాత్రికుల తాళాల మోత, భజన వినిపించి ఆగిపోయింది. పాతికకి పైగా పాయింట్లు. ప్రతి పాయింటు దగ్గరా వానలో నిలబడి ఇద్దరో ముగ్గురో వింటున్నారు. ఒక్కడూ పలకలేదు. ఇందుమతికి వాళ్ల మీద కోపం వచ్చింది. ఆ కోపం నిలవలేదు. వాళ్ల ఇళ్లలో పొయ్యిలు ఎట్లా వెలుగుతాయో ఆమెకి తెలుసు.

సుగంధ చెయ్యి చాచింది. "నాకియ్యండి."

మాట్లాడే మీట ఎక్కడుందో ఆమెకి తెలియదు. ఇందుమతి నొక్కి పట్టుకుంది.

"నేను భీమరావ్ ఇల్లాలిని" అంది సుగంధ. సెట్టుని రెండు చేతులా పట్టుకుని, దూరంగా ఉన్నవాళ్లని పిలిచినట్టు గట్టిగా మాట్లాడింది. "ఆయన సాహేబ్ ఇంటి మీదికెల్లి పడ్డడు. ఐదు గంటలు పానం ఉండె. వాళ్ల తిండి అయ్యే దాక పండవెట్టిండ్రు. దత్తోబా ఏం జెయ్యలే. నేను సంతకం పెట్టింది తప్పు. ఇల్లు పోతదని పెట్టిన. మీ ఇండ్లల్ల ఆడోళ్లు గూడ పెడ్తరు, గట్లనే భయపడి పెడ్తరు. నా మొగన్ని కాలవెట్టనియ్యకుండ్రి అన్నలారా. ఒక్కసారి డాక్టర్‌కు చూపెట్టనియ్యండి. తరవాత నేనే కాలవెట్టుకుంట."

ఇందుమతి మీట వదిలింది.

మళ్లీ గరగర. ఎక్కడా ఎవరూ పలకలేదు. లాండగే తలుపు వైపు చూస్తున్నాడు, ఎప్పుడు ఎవరొచ్చి పట్టుకుపోతారా అని. సుగంధ సెట్టుని వదలకుండా పట్టుకునే ఉంది.

చాలాసేపటికి ఒక గొంతు దగ్గింది.

"పాయింటు పన్నెండు. వంతెన ఈవలి మొన. బండి నా ముందరనే ఉంది మేడమ్."

"పోనియ్!" రణదివే అరిచాడు. "ఎవడ్రా నువ్వు?"

"మారుతి హాకే సాహేబ్. రెండేండ్ల కింద మీ ఇంటికి సున్నం ఏసినోన్ని." ఆ గొంతు వెనక ఎవరివో కేకలు వినిపించాయి. "బండి తాళం తీసి జేబుల ఏసుకున్న. డ్రైవర్ తిడుతున్నడు. తొందరగ రాండ్రి మేడమ్. నేను ఒక్కణ్నే ఉన్న."

ఇందుమతి టోపీ పెట్టుకుంది. వంతెనకి అవతల, స్మశానం దగ్గర, రణదివే జీపుతో కాచుకుని ఉంటాడు. ఇవతల ఈ ముగ్గురు.

"తాయీ, మన బండి ముందు చేరుతదా, ఆయనదా?" సుగంధ అడిగింది.

"మనకు బండి లేదు. డీజిల్ కోటా నిన్ననే అయిపోయింది" అంది ఇందుమతి. "నడవాలె. గీ జనంల ఆయన జీపు గూడ తొందరగ కదలదు."

లాండగే ముందుగా మెట్లు దిగాడు. ముగ్గురూ వానలోకి, లక్షమంది జనంలోకి అడ్డంపడి పోయారు.

— ఏముల నాగవ్వ, అరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడుంటున్నది షోలాపూర్‌లో, చెల్లెలి ఇంట.